లక్ష వత్తులు, ఒక మిరప గోతం

పత్తి ముట్టుకునే ముందు ఆమె తన వేలు తన కంటికి తాకించి చూసుకునేది.

తొలిసారి చూసినవాళ్ళు కంట్లో నలుసు పడిందేమో అనుకునేవాళ్ళు. అది కాదు. మా పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని చేతులు మోచేతుల దాకా పుల్లటి మజ్జిగతో రుద్దుకునేది. బూడిదతో తోముకునేది. మూడు సార్లు నీళ్ళతో కడిగి, కొంగుతో తుడుచుకుని, అప్పుడు కుడిచేతి చూపుడువేలు ఎడమ కంటి కొసకి ఆనించేది. ఆనించి, దూరంగా ఎవరో పిలిస్తే చెవి ఒగ్గి వింటున్నట్టు కదలకుండా ఉండేది. మండితే మళ్ళీ మజ్జిగ, మళ్ళీ బూడిద. మండకపోతే "ఆఁ, వదిలింది" అని లేచి వచ్చి వరండాలో కూర్చునేది.

పగలంతా కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీసే చేతులవి. గోళ్ళ సందున, వేళ్ళ పగుళ్ళలో కారం ఎక్కడ దాగి ఉంటుందో చూపుకి ఆనదు. కంటికి తాకిస్తే తప్ప తెలియదు.

"కారం చేత్తో చేసిన వత్తి వెలిగిస్తే ఇంటిల్లిపాదీ దగ్గి చస్తారండీ అబ్బాయిగారూ" అని ఒకసారి నాకు చెప్పింది. "దేవుడు గూడా తుమ్ముతాడు."

మా ఊళ్ళో అందరూ ఆమెని వత్తులామె అనేవాళ్ళు. పేరు నాకు తెలుసు. ఆ పేరు నిలబెట్టవలసిన రోజున నేను నిలబెట్టలేదు. ఇప్పుడు దాన్ని ఇక్కడ రాసుకునే హక్కు నాకు లేదనిపించి రాయడం లేదు. మొన్న ఆశ్వయుజంలో ఆమె చనిపోయింది.

ఆమె ఇల్లు చర్చి వీధిలో. ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి భుజాన వేసుకుని ప్రార్థనకి వెళ్ళేది. మిగతా ఆరు రోజులూ పొద్దున మిరపకాయలు, పొద్దువాలాక మా దేవుళ్ళకి వత్తులు. ఆమె ఇంట్లో మాత్రం దీపం ఉండేది కాదు. ఊళ్ళో సగం పూజగదుల్లో వెలిగే వత్తి ఆ చేతుల్లోదేనని ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. వాకిట్లో పళ్ళెం పెట్టి అందులో వేయించుకునేవాళ్ళు. మీద నాలుగు పసుపునీళ్ళ చుక్కలు చల్లి లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు. ఆమె గుమ్మం బయట నిలబడి చూస్తూ, "కాస్త తగ్గించి చల్లండమ్మా, తడిస్తే వెలగవు. తర్వాత నన్నంటారు" అనేది. ఆ మాటకి కొందరు నవ్వేవాళ్ళు. చల్లడం మాత్రం ఎవరూ మానలేదు.

వత్తి మెలి తిరగాలంటే వేళ్ళకి కాస్త పొడి పట్టాలి. మా అమ్మ ఆమె ముందు విభూతి ఉండ పెట్టేది. అందులో వేళ్ళు అద్దుకుంటూ, "ఇది పొరపాటున నుదుటికి అంటిందంటే మా పాస్టరుగారు నన్ను వెలేస్తాడు, అంటకపోతే మీ ఆడోళ్ళు వెలేస్తారు" అనేది. కాలు చాపుకుని కూర్చుని, గింజ తీసిన పత్తిని వేళ్ళతో విప్పి, అరచేతిలో ఒక్క దొర్లింపు దొర్లించేది. వత్తి తయారై ఒళ్ళో పడేది. నూరు వత్తులకి ఒక పత్తి గింజ పక్కన పెట్టేది. ఎంత మాటల్లో ఉన్నా ఆ లెక్క తప్పేది కాదు.

ఒక సాయంత్రం గాలి విసురుకి మా తులసికోట ముందు దీపం పోయింది. "అమ్మగారూ, దీపం ఆరిపోయిందండీ" అని ఆమె వరండాలోంచి కేకేసింది. లోపల్నుంచి అమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఏమే, నీకెన్నిసార్లు చెప్పాలే? ఆ మాట అనకూడదు. కొండెక్కింది అనాలి."

"ఏ కొండండీ అమ్మగారూ? కోటప్పకొండా, మంగళగిరా?"

"నీ నోటికి తాళం వెయ్యా! ఏదో ఒక కొండ. అశుభం మాట నోట రానివ్వకూడదు."

ఆమె వత్తి చేస్తూనే తల ఊపింది. కాసేపటికి, అమ్మతోనో నాతోనో, అంది: "మా వీధిలో మనిషి చచ్చిపోతే నిద్రించాడంటారు. మీ వీధిలో దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. ఉన్నది ఉన్నట్టు ఎవరూ అనరు గదా."

ఆ మాట నాకు అప్పుడు సరదాగా అనిపించింది.

నేను ఆ రోజుల్లో వరండాలో వాలుకుర్చీలో పడి ఉండేవాణ్ణి. మిరపకాయలు కొని అమ్మడం నా వ్యాపారం. నలభై ఏడో ఏట గుండెపోటు వచ్చింది. గుంటూరు ఆస్పత్రిలో ఛాతీ కోసి కుట్టారు. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని, కొడుకు నడిచి ఇంటికొస్తే లక్షవత్తుల నోము పడతానని అమ్మ మొక్కుకుంది. అంటే లక్ష వత్తులు చేసి, నూనెలో నానబెట్టి, కార్తీక పౌర్ణమి నాడు శివుడి ఎదుట ఒకేసారి వెలిగించాలి. నేను నడిచి ఇంటికి వచ్చాను. అమ్మ వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర్లు పోయి ఉన్నాయి. పదివేలు కూడా చేయలేనని ఆమెకి తెలుసు. అందుకని శ్రావణమాసం నుంచి వత్తులామెని రోజూ సాయంత్రం పిలిపించింది. అమ్మ గింజలు తీసేది, ఆమె వత్తులు చేసేది. నేను చూస్తూ పడుకునేవాణ్ణి.

నా ప్రాణం పేరు మీద ఒక మనిషి లక్ష సార్లు అరచెయ్యి తిప్పడం నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు ఏం చెప్పుకున్నా ఆ సంగతి దాటవేయలేను.

"మందులు వేళకి మింగండి అబ్బాయిగారూ" అనేది. "లక్షా చేశాక మీకేమన్నా అయ్యిందనుకోండి, నా కష్టమంతా బూడిదయిపోయిద్ది."

"నోర్ముయ్యవే" అనేది అమ్మ, నవ్వుతూనే.

కార్తీకం వచ్చేసరికి నేను కోలుకున్నాను. మళ్ళీ ఫోన్లు, లారీలు, బేరాలు. పౌర్ణమి సాయంత్రం శివాలయం మండపంలో పెద్ద ఇత్తడి గంగాళం పెట్టారు. పొన్నూరు నుంచి చుట్టాలు వచ్చారు. మా ఇంట్లో వత్తులు నాలుగు వెదురు బుట్టల్లో, ఉతికిన పంచెల కింద ఉన్నాయి. బుట్టలు బుట్టలుగానే తెమ్మని అమ్మ మరీ మరీ చెప్పి ముందు వెళ్ళింది. ఆటోలో పూలూ కొబ్బరికాయలూ నూనె డబ్బాలూ పోను రెండు బుట్టలే పట్టాయి. ఇంకోసారి తిరిగితే పది నిమిషాల పని. నాకు విసుగనిపించింది. ఇంటి పక్కనే ఉన్న మా గోడౌన్ తలుపు దగ్గర ఖాళీ మిరప గోతం ఒకటి కనిపిస్తే తీసుకుని రెండు సార్లు దులిపాను. శుభ్రంగానే ఉందనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఏమీ అనుకోలేదు. మిగిలిన రెండు బుట్టల వత్తులూ అందులో కుక్కి, మూతి ముడివేసి, ఆటోలో కాళ్ళ దగ్గర పడేసుకున్నాను.

ఆమె గుడి గేటు బయట నిలబడి ఉంది. లోపలికి రాదు, రమ్మని ఎవరూ అనరు. తను చేసిన లక్ష వత్తులూ వెలిగితే ఆ వెలుగు గేటు దగ్గరికి కనబడుతుందని చూడటానికి వచ్చింది. నేను గోతం దించుతుంటే చూసి గబగబా రెండడుగులు ముందుకి వేసింది.

"అబ్బాయిగారూ, ఆ గోతం..."

"తర్వాత, తర్వాత" అని చెయ్యి ఊపి నేను లోపలికి వెళ్ళిపోయాను. వత్తులన్నీ గంగాళంలో కుమ్మరించాను. ఖాళీ గోతం ఆటోలోకి విసిరి, ఆటో పంపేశాను.

నూనె పోసి, కాసేపు నాననిచ్చి, మంత్రాలయ్యాక అమ్మ వెలిగించింది. మంట ఒక్కసారిగా మనిషెత్తు లేచింది. అందరూ శివనామం అన్నారు. ఆ పిలుపు పూర్తి కాకుండానే ఎవరో దగ్గారు. తర్వాత ఇంకొకరు. మిరపకాయలు మాడిన ఘాటు మండపమంతా కమ్ముకుంది. పిల్లలు ఏడుపు మొదలెట్టారు. పెద్దవాళ్ళు చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని మెట్ల మీదికి పరుగెత్తారు. పూజారిగారు కళ్ళు మూసుకునే, "మూత వెయ్యండి, మూత వెయ్యండి" అని అరిచారు. పెద్ద పళ్ళెం తెచ్చి గంగాళం మీద బోర్లించారు. సగం వత్తులు కాలకుండానే మంట పోయింది.

అమ్మ గంగాళం పక్కనే కూలబడింది. "నా చేత్తో వెలిగించింది నా కళ్ళముందే కొండెక్కించారే" అని గుండెలు బాదుకుంది. ఆమె చూపు నా మొహం మీద కాదు, నా ఛాతీ మీద ఉంది.

అప్పుడు మా మేనత్త అంది: "చర్చి వీధిదాని చేత చేయించొద్దని నేను ముందే చెప్పానా లేదా? మిరపకాయలు పిసికిన చేతులతో చేసిందది. దానికేం దేవుడా, దెయ్యమా?"

ఆ మాటతో అందరికీ ఒక దారి దొరికింది. అందరూ గేటు వైపు తిరిగారు.

ఆమె భయపడలేదు. "నా చేతులు కడిగే చేశానండీ. అమ్మగారిని అడగండి, కంట్లో పెట్టుకు చూసుకోకుండా ఒక్క వత్తి ముట్టుకున్నానేమో. ఇది చేతి కారం కాదు, గోతం కారం. వత్తులు మిరప గోతంలో వచ్చాయి. నేను చూశాను." గంగాళం చుట్టూ చెదిరిపడిన వత్తులు కొన్ని, పరుగెత్తినవాళ్ళ కాళ్ళకి అంటుకుని గేటు దాకా వచ్చి ఉన్నాయి. ఒకటి తీసి వేళ్ళతో నలిపింది. అందరూ చూస్తుండగా ఆ వేలు కంటికి తాకించుకుంది. కన్ను ఎర్రబడింది. నీళ్ళు ధారగా కారాయి. "చూడండి! వత్తిలో ఉంది కారం."

"చూశారా" అంది మేనత్త. "దాని పాపం దాని కంట్లోనే మండింది."

అమ్మ నా వైపు తిరిగింది. "ఏరా, గోతమేంటి? బుట్టల్లో తెమ్మన్నానుగా?"

మండపంలో ఉన్నవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. గేటు బయట ఆమె ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో నన్నే చూస్తోంది. నేను ఒక్క మాట చెబితే చాలు. పొరపాటైందమ్మా అంటే అమ్మ తిట్టేది, చుట్టాలు పదేళ్ళపాటు నవ్వుకునేవాళ్ళు. అంతకంటే ఏమీ అయ్యేది కాదు.

"బుట్టల్లోనే తెచ్చాను" అన్నాను.

ఆమె కొంగుతో కన్ను తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ ఆమె చేత వత్తులు చేయించుకోలేదు. పక్క ఊళ్ళకీ కబురు పాకింది. పేరంటాల్లో ఆ కథ చెప్పుకుని నవ్వేవాళ్ళు, చెప్పే ప్రతివాళ్ళూ కాస్త కాస్త కలిపేవాళ్ళు. కావాలనే కారం కలిపిందన్నారు కొందరు. ఆమెకి సాయంత్రాలు కూడా మిరపకాయలే మిగిలాయి. ఇక అమ్మ సంగతి. అప్పటికే నా గుండె బాగానే ఉంది, డాక్టరు కూడా చెప్పాడు. కానీ అమ్మకి నోము చెడింది. నేను నిద్రపోతుంటే వచ్చి నా ఛాతీ మీద చెయ్యి ఆనించి చూసుకునేది. నేను మేలుకునే ఉండి కళ్ళు మూసుకునేవాణ్ణి. నోము చెడలేదమ్మా, చెడింది వత్తులు, చెడగొట్టింది నేను అని అప్పుడైనా చెప్పొచ్చు. మూడేళ్ళు ఆ చెయ్యి నా ఛాతీ మీదికి వస్తూనే ఉంది. కొడుకు పోతాడేమోనన్న భయంతోనే అమ్మ పోయింది.

అమ్మ పోయిన ఏడాది ఎండాకాలంలో, సరుకు దించడానికి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాను. రేకుల షెడ్డు కింద ఎర్రటి కుప్పల మధ్య ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. దగ్గు విని ఆమెని పోల్చుకున్నాను. ఆ దగ్గు లోపల్నుంచి ఏదో గీరుకుంటూ వచ్చేది. దగ్గు ఆగేదాకా నిలబడ్డాను. పక్కకి పిలిచి, నేను చాలాకాలంగా కూడబలుక్కున్న మాట చెప్పాను. ఆ రోజు గోతంలో తెచ్చింది నేనేనని, అబద్ధం ఆడానని.

ఆమె ముక్కు గుడ్డ కిందికి లాగింది.

"నాకు తెలిసిందే నాకు చెబుతారేంటండీ?"

ఆమె చేతిలో మిగిలిన తొడిమలు దులిపేసుకుంది.

"గోతం చూసింది నేను. చెప్పింది నేను. కాదన్నది మీరు. మళ్ళీ ఇప్పుడు నాకే చెబితే ఎట్టాగండీ? తెలియనోళ్ళకి చెప్పాలి గదా."

"అమ్మ లేదు" అన్నాను.

"అమ్మగారు లేరు. మీ మేనత్తగారున్నారుగా. ఆ రోజు మెట్ల మీద ఉన్నోళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడే చెప్పండి. కార్తీకంలో అందరూ వస్తారు." మళ్ళీ దగ్గింది. "వత్తుల పని తిరిగొచ్చిద్దని కాదండీ. ఇప్పుడు దుకాణంలో మిషను వత్తులు ప్యాకెట్లు దొరుకుతున్నాయి, నా అవసరం ఎవరికీ లేదు. మా వీధిలో గూడా నన్ను కారం వత్తులామె అంటున్నారు. నేను పోయాక ఆ పేరుండకూడదు. అంతే."

"చెబుతాను" అన్నాను. "ఈ కార్తీకానికి చెబుతాను."

ఆమె ముక్కు గుడ్డ మళ్ళీ పైకి లాక్కుంది. "మీరు మంచోళ్ళే అబ్బాయిగారూ" అంది. అంత చిన్నబుచ్చే మాట నన్ను ఇంకెవరూ అనలేదు.

ఆ కార్తీకానికి మా ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, గొడవెందుకనుకున్నాను. తర్వాతి కార్తీకం పౌర్ణమి నాడు ఊళ్ళో లేకుండా పని కల్పించుకున్నాను. ఆ తర్వాత కారణం వెతుక్కోవడం కూడా మానేశాను. బజార్లో ఎదురుపడితే ఆమె నమస్కారం పెట్టేది. ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే కోపమైనా తెచ్చుకునేవాణ్ణి.

ఆశ్వయుజంలో చర్చి గంట ఆగి ఆగి మోగింది. మా ముఠా మేస్త్రి వచ్చి, "మన వత్తులామె ప్రభువునందు నిద్రించిందండీ, ఊపిరితిత్తులంట" అన్నాడు. వెళ్ళాను. వాకిట్లో పెట్టె. తెల్లచీర. చేతులు గుండెల మీద జోడించి ఉన్నాయి. ఆ వేళ్ళు అంత తెల్లగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆమె ఆడపడుచు నన్ను గుర్తుపట్టి చెప్పింది: "మజ్జిగతో కడిగామండీ, మూడుసార్లు. చేతులకి కారం ఉండగా పంపొద్దని అడిగింది. మీ గుళ్ళో జరిగింది చివరిదాకా మర్చిపోలేదండీ పిచ్చిది. తన చేతులదే తప్పేమోనని ఈమధ్య తనకే అనుమానం పట్టుకుంది."

ఆ చివరి మాట విన్నాక నేను అక్కడ నిలబడలేకపోయాను. ఆమె చూసినదాన్ని కాదని నేనన్న మాటని, చూసిన మనిషే నమ్మింది.

నిన్న కార్తీక పౌర్ణమి. సందె వేళకి గుడికి వెళ్ళాను. మెట్ల నిండా ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ముందు మూడువందల అరవై ఐదు వత్తుల కట్ట. ఏడాదిలో దీపం పెట్టడం తప్పిన రోజులన్నీ ఆ ఒక్క కట్టతో తీరిపోతాయంటారు. అన్నీ దుకాణం కట్టలే, ఒకే పొడుగు, ఒకే తెలుపు. మేనత్తకి ఇప్పుడు ఎనభై దాటాయి. మెట్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ముందు స్టూలు మీద ప్రమిద పెట్టుకుని ఉంది. నేను ఆమె ముందు నిలబడి, చుట్టూ ఉన్నవాళ్ళకి వినబడేట్టు చెప్పాను. గోతం సంగతి. గేటు దగ్గర ఆమె నన్ను ఆపబోయిన సంగతి. నేనాడిన అబద్ధం. ఏదీ వదలకుండా చెప్పాను.

వెనక మెట్టు మీది అమ్మాయి ఒకతె, "ఎవరామె బాబాయ్?" అంది. ఆ అమ్మాయి అప్పటికి ఈ ఊరికి కాపురానికి రాలేదు. ఇంకొకావిడ, "అదే, కారం వత్తులామె" అని ఆ పిల్ల చెవిలో చెప్పింది. ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. మిగతావాళ్ళు కొబ్బరికాయలు సర్దుకోవడంలో పడ్డారు.

మేనత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఒరేయ్, ఇంతకీ వత్తులు చేసింది అదేగా? గోతం నీదైతే ఏమైంది? నువ్వు బతికే ఉన్నావు, చాలు. పోయినదాని ఊసు పండగ పూట ఎందుకురా?"

"ఆమె తప్పు లేదత్తా. అది చెప్పడానికే వచ్చాను."

"సరేలే, చెప్పావుగా. అదిగో, గాలికి నా దీపం కొండెక్కింది. ముందు అది చూడు."

ప్రమిద వైపు చూశాను. వత్తి కొస నల్లగా, చిన్న పొగ.

"ఆరిపోయింది" అన్నాను.

"శివ శివా! అదేం మాటరా! పౌర్ణమి నాడు, గుడి మెట్ల మీద!" అంటూ మేనత్త రెండు చెవులూ మూసుకుంది. పక్కవాళ్ళు ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. నేనిందాక చెప్పినదానికి ఒక్కరి మొహమూ అలా మారలేదు.

స్టూలు మీది అగ్గిపెట్టె తీశాను. వెలిగించే ముందు నా చూపుడువేలు కంటి కొసకి ఆనించి, కాసేపు అలాగే నిలబడ్డాను. ఏమీ మండలేదు.